పురమందిరం నుంచి శాసనసభ దాకా: హైదరాబాదు టౌన్‌హాలు చరిత్రకథనాలు – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

హైదరాబాదులోని పాత శాసనసభా భవనం మొదట టౌన్‌హాలుగా నిర్మితమైంది. ఈ భవనచరిత్రను చెప్పే రచనలు సాధారణంగా పాలకుని జన్మదినం, ప్రజల చందాలు, వాస్తుశైలి అనే మూడు అంశాల చుట్టూ తిరుగుతాయి. లోపల ఎవరు మాట్లాడారు, ఏ భాషలో మాట్లాడారు, ఎవరికి మాట్లాడే అవకాశం లేకపోయింది అనే ప్రశ్నలు వాటిలో కనిపించవు. సురవరం ప్రతాపరెడ్డి సాంఘికచరిత్ర రచనలో చూపిన దృష్టిని ఈ భవనానికి అన్వయించి, ఆ కథనాల పరిమితులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: టౌన్‌హాలు, బాగ్-ఏ-ఆమ్, సభ, ఆంధ్రోద్యమం, సాంఘికచరిత్ర, శాసనసభ.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో స్థలచరిత్రలకు కొరత లేదు. కైఫీయతుల కాలం నుంచి నేటి పర్యాటక గ్రంథాల వరకు ఊళ్ల గురించి, కోటల గురించి, గుళ్ల గురించి విస్తారంగా రాశారు. ఆధునిక ప్రజాభవనాల విషయంలో మాత్రం ఈ రచన పలచగా ఉంటుంది. రైల్వేస్టేషను, గ్రంథాలయం, ఆసుపత్రి, టౌన్‌హాలు వంటివి చరిత్రలో ప్రస్తావనకు వస్తాయే గాని వాటికవే చరిత్రవస్తువులు కావు. వచ్చినా, కోటల చరిత్రకు వాడిన పరికరాలతోనే వాటిని కొలుస్తారు: ఎవరు కట్టించారు, ఎప్పుడు కట్టించారు, ఎంత అందంగా ఉంది?

హైదరాబాదు టౌన్‌హాలు దీనికి చక్కని ఉదాహరణ. నాంపల్లి ప్రాంతంలో, బాగ్-ఏ-ఆమ్ అనే పబ్లిక్ గార్డెన్స్ ప్రాంగణంలో తెల్లని గుమ్మటాలతో, కమానులతో నిలిచిన ఈ భవనాన్ని చూడని తెలుగువారు అరుదు. వార్తాపత్రికల్లో, పాఠ్యపుస్తకాల ముఖచిత్రాల్లో, దూరదర్శన్ వార్తల్లో అది శాసనసభకు ప్రతీకగా స్థిరపడింది. అది నగరానికని కట్టిన టౌన్‌హాలు అన్న సంగతి ఆ కథనాల్లో ఒక వాక్యంగా మిగిలింది. ఆ ఒక్క వాక్యాన్ని విప్పి చూడవలసి ఉంది.

2. కథనాల మూస:

ప్రచారంలో ఉన్న కథనం ఇది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ నలభయ్యో జన్మదినోత్సవ సందర్భంగా 1905లో పునాది పడింది. నగరపౌరులు చందాలు వేసుకొని ఈ కానుకను సమర్పించారు. పారశీక, రాజస్థానీ వాస్తురీతుల మేళవింపుతో నిర్మాణం సాగి 1913లో పూర్తయింది. తరువాత అది శాసనసభ అయింది. పర్యాటక కరపత్రం నుంచి పోటీపరీక్షల పుస్తకం వరకు ఈ నాలుగు వాక్యాల వరుస మారదు.

ఇందులో అసత్యం ఉన్నదని కాదు. ఉన్న సత్యాన్ని కూడా ఈ కథనం విచారించదు. ఉదాహరణకు ‘నలభయ్యో జన్మదినం’ అనే మాటనే తీసుకోవచ్చు. మహబూబ్ అలీఖాన్ 1866లో జన్మించాడు. ఆంగ్ల సంవత్సరాల లెక్కన 1905 నాటికి ఆయనకు నలభై నిండవు. హిజ్రీ చాంద్రమానం ప్రకారమే ఆ సంఖ్య సరిపోతుంది. ఇది చిన్న విషయంగా తోచవచ్చు. అయితే ఈ భవనం ఏ కాలమానంలో పుట్టిందో అది చెబుతుంది. పాలకుని ఆయుష్షు లెక్కలో ఒక మైలురాయిగా అది మొదలైంది. నగర పరిపాలనలో వచ్చిన ఏ మార్పుకూ గుర్తుగా కాదు. ఎవరి జన్మదినానికి పునాది వేశారో ఆయన 1911లో మరణించాడు. భవనం పూర్తయ్యేసరికి సింహాసనం మీద ఉన్నది ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీఖాన్. పునాదికీ పూర్తికీ నడుమ, 1908 సెప్టెంబరు 28న, మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. వేలాది ప్రాణాలు పోయి, పేటలకు పేటలు కొట్టుకుపోయిన ఆ విపత్తు తరువాత నగరనిర్మాణమే కొత్త దారి పట్టింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలు, జలాశయాల నిర్మాణం, 1912లో నగరాభివృద్ధి మండలి స్థాపన ఆ దారిలోనివి. ఇంత కలత నడుమ ఒక ఉత్సవభవనం పైకి లేచిందన్న సంగతిని ఆ నాలుగు వాక్యాల కథనం గమనించదు. అందులో 1905 తరువాత నేరుగా 1913 వస్తుంది.

‘ప్రజల చందాలు’ అన్న పదబంధం మరింత జాగ్రత్తగా చదవదగినది. చందా ఇచ్చినవారిని నేటి కథనాలు ‘పౌరులు’ అంటున్నాయి. 1905 నాటి హైదరాబాదు సంస్థానంలో పౌరుడనే రాజకీయస్థానం లేదు. ఉన్నది రాజుకు లోబడిన ప్రజ, రయ్యతు. ప్రభువు జన్మదినానికి సమర్పించిన కానుకలో జాగీర్దారుకూ వర్తకునికీ ఉన్న పాత్రను, నగరంలోని కూలికీ చేనేతకార్మికునికీ ఉన్న పాత్రతో కలిపి ఒకే మాటలో చెప్పడం వల్ల ఒక భ్రమ ఏర్పడుతుంది: నగరం తన సభాస్థలిని తానే కట్టుకున్నదని. రాజభక్తిని పౌరభావనగా అనువదించే ఈ అలవాటు తెలుగు స్థలచరిత్రల్లో విస్తృతంగా కనిపిస్తుంది.

3. ‘టౌన్‌హాలు’ అనే మాట:

టౌన్‌హాలు అనేది కట్టడానికి పెట్టిన పేరు మాత్రమే కాదు, ఒక వ్యవస్థకు గుర్తు. బ్రిటిషు పాలనలోని ప్రాంతాల్లో 1882 నాటి రిప్పన్ తీర్మానం, దాని వెంట వచ్చిన పురపాలక చట్టాలు, విద్యావంతులైన పట్టణవాసుల సంఘాలు కలిసి ఆ మాటకు అర్థం ఇచ్చాయి. పన్ను కట్టేవారు, ఓటు వేసే కొద్దిమంది, వారు కూడి మాట్లాడే గది అనే మూడూ కలిస్తే టౌన్‌హాలు.

తెలుగువారికి పరిచయమైన రెండు టౌన్‌హాళ్లతో పోల్చితే తేడా స్పష్టమవుతుంది. రాజమహేంద్రవరంలో 1890లో కందుకూరి వీరేశలింగం పూనికతో వెలసిన టౌన్‌హాలు సంస్కర్త అవసరం నుంచి పుట్టింది. వితంతు వివాహాలు జరిపించి, పత్రికలు నడిపి, ప్రహసనాలు రాసి, ప్రతిపక్షంతో బహిరంగంగా వాదించిన మనిషికి అందరూ కూడే ఒక కప్పు కావలసి వచ్చింది. మాట ముందు, గది తరువాత. మద్రాసులో టౌన్‌హాలుగా సంకల్పించిన భవనానికి 1883లో శంకుస్థాపన చేసినవాడు విజయనగర ప్రభువు పూసపాటి ఆనందగజపతి. రాణి పాలన స్వర్ణోత్సవం పేర అది విక్టోరియా పబ్లిక్ హాలు అయింది. అక్కడా కిరీటం నీడ పడిందని గుర్తించాలి. అయినా ఆ వేదికపై 1897లో వివేకానందుడు ఉపన్యసించాడు. సుగుణవిలాస సభ దీర్ఘకాలం అక్కడ కొలువుండి తమిళ నాటకాలతో పాటు తెలుగు నాటకాలనూ ప్రదర్శించింది. పేరు రాణిదే అయినా వాడుక ఊరిదయింది.

హైదరాబాదులో పరిస్థితి వేరు. 1869లో మొదటి సాలార్‌జంగ్ కాలంలో పురపాలన మొదలయినా అది ప్రభుత్వశాఖగా నడిచింది. నగరానికీ చాదర్‌ఘాట్ ప్రాంతానికీ వేర్వేరుగా ఉన్న పురపాలక వ్యవస్థలు 1933లో గాని ఒకటి కాలేదు. కాబట్టి 1913లో పూర్తయిన భవనం పేరులోని ‘టౌన్’ పరిపాలనాపరంగా ఇంకా ఏర్పడని ఊరు. భవనమున్న తోట పేరు ‘బాగ్-ఏ-ఆమ్’, అంటే సామాన్యుల తోట. పేర్లలో సామాన్యుడూ ఉన్నాడు, పట్టణమూ ఉంది. అధికారంలో మాత్రం రెండూ లేవు.

4. సభలు ఎక్కడ జరిగాయి?:

భవనచరిత్రను శైలి నుంచి కాక సభ నుంచి చూడడం మొదలుపెడితే మొదటి ప్రశ్న ఇది. 1913 తరువాతి మూడున్నర దశాబ్దాల్లో హైదరాబాదు సంస్థానంలోని తెలుగువారు సభ తీరిన స్థలాలేవి? తెలుగు సాహిత్యచరిత్రలు, ఉద్యమచరిత్రలు, ఆత్మకథలు గుర్తుంచుకున్న పేర్లను వరుసగా పేర్చితే అందులో టౌన్‌హాలుకు ప్రముఖస్థానం దొరకదు.

1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదట వస్తుంది. గ్రంథాలయం పేరుతో ఏర్పడిన ఆ సంస్థ నిజానికి తెలుగువారి తొలి సభాస్థలి. 1918లో ఏర్పడిన రెడ్డి హాస్టలు విద్యార్థుల వసతిగృహమే అయినా అక్కడి గ్రంథాలయం, సమావేశాలు ఒక తరాన్ని తయారుచేశాయి. ఇక 1921 నవంబరులో వివేకవర్ధినీ థియేటరులో జరిగిన సంఘసంస్కార మహాసభ ప్రసిద్ధమైనది. మహర్షి కార్వే అధ్యక్షత వహించిన ఆ సభలో ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి ఆయనను కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్రజనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు మొదలైనవారు దానికి పునాది వేసినవారు.

ఈ ఘటనను తెలంగాణ చరిత్ర చదివినవారందరూ ఎరుగుదురు. అయితే దానిని భవనాల చరిత్రగా ఎవరూ చదవలేదు. నగరానికి అప్పటికి ఎనిమిదేళ్లుగా టౌన్‌హాలు ఉంది. ఆ నగరంలోనే, అధికసంఖ్యాకుల భాషలో ఒక వక్త నోరు తెరవడం నవ్వులపాలైంది. గది ఉండడం వేరు, గొంతుకు చోటు ఉండడం వేరు. గేలిచేసినది దర్బారు కాదు, సంస్కరణవాదులైన విద్యావంతుల సభ అన్న విషయమూ మరవరాదు. కనుక దీనిని నిజాం ప్రభుత్వం మీదికి మాత్రమే నెట్టివేసే వ్యాఖ్యానం సగమే నిలుస్తుంది.

మిగతా సగం చట్టంలో ఉంది. బహిరంగసభలకు ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసిన 53వ నంబరు గస్తీ ఉద్యమకారుల రచనల్లో పదేపదే కనిపిస్తుంది. మాడపాటి హనుమంతరావు ‘తెలంగాణ ఆంధ్రోద్యమము’ చదివినవారికి సభ జరపడం ఎంత కష్టమో, అనుమతి కోసం ఎన్ని ఉత్తరాలు నడపవలసి వచ్చేదో తెలుస్తుంది. సభ జరపడమే నేరానికి దగ్గరగా ఉన్న రాజ్యంలో సభాభవనం నిండుగా కళకళలాడిందని నమ్మించే వాక్యాలను చరిత్రకారుడు ఆచితూచి రాయాలి.

నిజాం రాష్ట్రాంధ్ర మహాసభలు జరిగిన ఊళ్లను చూస్తే విషయం ఇంకా స్పష్టపడుతుంది. 1930లో జోగిపేట, 1931లో దేవరకొండ, 1934లో ఖమ్మం, 1935లో సిరిసిల్ల, 1936లో షాద్‌నగర్, 1937లో నిజామాబాదు. రాజధానిలో జరిగినది 1943 నాటి పదో సభ. ఆ మరుసటి ఏడు భువనగిరిలో జరిగిన పదకొండో సభలోనే సంస్థ రెండుగా చీలింది. అంటే తెలంగాణ తెలుగువారి రాజకీయభాష పందిళ్లలో, తాలూకా పట్టణాల మైదానాల్లో రూపుదిద్దుకుంది. ఆ పందిళ్లకు వాస్తుశైలి లేదు కాబట్టి వాస్తుచరిత్రలో చోటు లేదు. కాని ‘సభ’ అనే మాటకు ఆధునికార్థం ఇచ్చినవి అవే.

5. 1952: గది మారలేదు, మాట మారింది:

1948 సెప్టెంబరులో సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. వయోజన ఓటుహక్కుతో జరిగిన తొలి ఎన్నికల తరువాత 1952లో హైదరాబాదు రాష్ట్ర శాసనసభ ఏర్పడింది. టౌన్‌హాలు శాసనసభాభవనమయింది. ప్రచారంలో ఉన్న కథనం దీనిని ‘తరువాత’ అనే ఒక్క మాటలో దాటవేస్తుంది. నిజానికి ఈ భవనచరిత్రలో అత్యంత సంపన్నమైన ఘట్టం ఇదే.

ఆ సభలో ఎవరున్నారో చూడాలి. ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు 1921 నాటి ఆంధ్రజనసంఘ స్థాపకుల్లో ఒకరు. వనపర్తి నుంచి ఎన్నికైన సభ్యుడు సురవరం ప్రతాపరెడ్డి, 1926 నుంచి గోలకొండ పత్రికను నడిపినవాడు, తెలంగాణలో కవులే లేరన్న మాటకు 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను జవాబుగా ఇచ్చినవాడు. ఆలేరు నుంచి వచ్చిన ఆరుట్ల కమలాదేవి రైతాంగ సాయుధపోరాటంలో దళంలో పనిచేసి, జైలు చూసి, పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫున గెలిచారు. బాన్సువాడ నుంచి ఎన్నికైన సంగం లక్ష్మీబాయి ఉప్పుసత్యాగ్రహంలో జైలుకు వెళ్లి, ఆ అనుభవాలను తరువాత తెలుగులో పుస్తకంగా రాశారు. ఒకరు దళం నుంచి, ఒకరు సత్యాగ్రహం నుంచి, ఒకరు పత్రికాకార్యాలయం నుంచి ఆ గుమ్మటాల కిందికి వచ్చారు. వారి రాకతో గాని ఆ గదిని ప్రజలదనడానికి ఆధారం దొరకదు.

మరొక వైపు చూడాలి. రాజప్రముఖ్ హోదాలో రాష్ట్రాధినేతగా ఉన్నది మీర్ ఉస్మాన్ అలీఖాన్. తండ్రి జన్మదినానికి పునాది పడి, తన ఏలుబడిలో పూర్తయిన భవనంలో కొలువైన సభకు ఇప్పుడు ఆయన రాజ్యాంగానికి లోబడిన అధినేత. సభకు ఆయన పేర వినిపించే ప్రసంగపాఠాన్ని రూపొందించవలసినది ఎన్నికైన మంత్రివర్గం. ఈ తలకిందులు ఏ శిల్పవర్ణనకూ అందదు.

ఆ శాసనసభ చర్చల సంపుటాలు భాషాపరిశోధకులకు అపురూపమైన వనరు. ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు భాషల్లో సభ్యులు మాట్లాడారు. వారి మాటలు ఆయా లిపుల్లోనే అచ్చయ్యాయి. 1921లో ఒక గొంతును కూర్చోబెట్టిన నగరంలో ముప్పై ఏళ్లకు ఆ భాష శాసననిర్మాణపు కాగితాలకెక్కింది. శాసనసభలో వాడిన తెలుగు ఎలాంటిది? అందులో ఉర్దూ పాలనాపదజాలం ఎంత నిలిచింది, పత్రికలు తయారుచేసిన కొత్తమాటలు ఎంత చేరాయి? వక్తలు గ్రాంథికం వైపు మొగ్గారా, తమ జిల్లాల వాడుకను నిలుపుకున్నారా? విశ్వవిద్యాలయాల తెలుగుశాఖల్లో పత్రికాభాష మీద ఎన్నో సిద్ధాంతగ్రంథాలు వచ్చాయి. ఈ సంపుటాలకు ఆ భాగ్యం దక్కలేదు. భవనం ఫొటో ముఖచిత్రమవుతుంది గాని భవనంలో పలికిన మాట పరిశోధనాంశం కావడం లేదు.

సురవరం ప్రతాపరెడ్డి విషయం ఇక్కడ ప్రత్యేకంగా ఆలోచించదగినది. 1949లో వెలువడి, తరువాత తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతిని తెచ్చిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఆయన రాజుల యుద్ధాలను, వంశావళులను పక్కనపెట్టి తిండి, బట్ట, ఆట, నమ్మకం, వృత్తి అనేవాటిని చరిత్రకు వస్తువులుగా చేశాడు. కావ్యాలను సాంఘికసాక్ష్యాలుగా చదివే పద్ధతిని తెలుగువారికి అలవాటు చేశాడు. ఆ పుస్తకం రాసిన మూడేళ్లకు ఆయన కూర్చున్న సభాభవనం చరిత్రను ఈనాటికీ రాజు పుట్టినరోజుతో మొదలుపెట్టి గుమ్మటాల వర్ణనతో ముగిస్తున్నారు. 1953 ఆగస్టులో ఆయన మరణించాడు. సభ్యుడిగా గడిపినది ఏడాదిన్నర లోపే. ఆయన సాహిత్యజీవితంపై వచ్చిన వ్యాసాలు కూడా ఈ శాసనసభ్యత్వాన్ని జీవితవిశేషాల పట్టికలో ఒక పంక్తిగా చెప్పి వదిలేస్తాయి.

6. ఊరికి మిగిలినది:

టౌన్‌హాలు శాసనసభ కావడాన్ని కథనాలు పదోన్నతిగా చెబుతాయి. రాష్ట్రం దృష్టితో అది నిజమే. నగరం దృష్టితో చూస్తే లెక్క వేరుగా ఉంటుంది. ఎన్నికైన నగరపాలక సంస్థకు 1951లో తొలి మేయరయినవాడు మాడపాటి హనుమంతరావు. ఆంధ్రోద్యమ కాలమంతా సభాస్థలాల కోసం, అనుమతుల కోసం తిరిగిన మనిషి నగరానికి ప్రథమపౌరుడయిన సమయంలోనే నగరపు సభామందిరం రాష్ట్రానికి దక్కింది. తరువాత ఆయన ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి తొలి అధ్యక్షుడయ్యాడు. నగరానికీ రాష్ట్రానికీ నడుమ ఈ మార్పు ఎలా జరిగిందన్నది నగరపాలన చరిత్రలో తప్పక రాయవలసిన అధ్యాయం.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మరాఠీ, కన్నడ జిల్లాలు విడిపోయాయి. కర్నూలు నుంచి ఆంధ్రరాష్ట్ర శాసనసభ్యులు వచ్చి చేరారు. బహుభాషల సభ ప్రధానంగా తెలుగు సభ అయింది. అది భాషోద్యమానికి విజయమని చెప్పే చరిత్రలు, ఆ గదిలో నాలుగేళ్ల పాటు సాగిన బహుభాషావ్యవహారం ముగిసిపోయిందని చెప్పవు. సభ్యుల సంఖ్య పెరిగి చోటు చాలక 1980లలో పక్కనే కొత్త సభామందిరం కట్టారు. పాత భవనంతో పొందిక కుదరాలని దానికీ గుమ్మటాలు, కమానులు పెట్టారు. దూరం నుంచి చూసేవారికి రెండూ ఒకే కాలానివిగా కనిపిస్తాయి. వాస్తుపరంగా ఇది మర్యాదే; చరిత్రపరంగా మాత్రం టౌన్‌హాలు తన వయస్సును పోగొట్టుకుంది. 2014 జూన్ నుంచి 2017 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ వెలగపూడికి తరలేదాకా ఇదే ప్రాంగణంలో రెండు రాష్ట్రాల శాసనసభలు కొలువుతీరాయి.

శాసనసభకు కాపలా అవసరమైంది. గేట్లు, కంచెలు, అనుమతిపత్రాలు వచ్చాయి. ‘చలో అసెంబ్లీ’ తెలుగు రాజకీయభాషలో స్థిరపడిన నినాదం. ఈ పిలుపునందుకున్నవారు ఆ ప్రాంగణం వైపు నడిచి, దానికి దూరంగానే ఆగిపోవడం ఆ నినాదంతో పాటే వచ్చే వార్త. ఊరు కూడడానికని పేరు పెట్టిన భవనం చుట్టూ ఊరిని నిలిపే గీత ఏర్పడింది. భద్రతావసరాన్ని తోసిపుచ్చలేము. కాని ఈ భవనాన్ని ప్రజాస్వామ్యచిహ్నంగా వర్ణించే వ్యాసాలు ఆ గీతను చిత్రం అంచున కత్తిరించి చూపడం విమర్శకు తగినదే.

ఆ గీతకు అవతల, రోడ్డుకు ఆవలిపక్క గన్‌పార్కు ఉంది. 1969 తెలంగాణ ఉద్యమంలో మరణించినవారి స్మారకస్తూపానికి 1970లో అక్కడ శంకుస్థాపన జరిగింది. శిల్పి ఎక్కా యాదగిరిరావు. ఆ రాయి వేసినది రాష్ట్రప్రభుత్వం కాదు, నగర మేయరు. 2014 వరకు ఉద్యమకారులు నివాళి అర్పించి బయలుదేరినదీ, సభలో ప్రమాణస్వీకారానికి ముందు కొత్త సభ్యులు వచ్చి తలవంచినదీ అక్కడే. టౌన్‌హాలు చరిత్ర రాసేవారు గేటు లోపలి గుమ్మటాలను లెక్కించేటప్పుడు ఈ స్తూపాన్ని వేరే అధ్యాయానికి పంపుతున్నారు. రెంటికీ మధ్య దూరం ఒక రోడ్డు వెడల్పు.